యాకోబు పెట్టిన గుడి

ఆర్మూరు నుంచి పెర్కిట్ వెళ్ళే దారిలో, ఒక రేకుల షెడ్డు కింద, పాత రాజదూత్ మోటారుసైకిలొకటి నాలుగు నెలలుగా నిలిచి ఉంది. నిలిచి ఉందనడం కంటె తిష్ఠ వేసిందనడమే సరియైన మాట. దీపావళికి ముందు వచ్చింది. చలి వచ్చి పోయింది. మార్కెట్ యార్డుకు కొత్త పసుపు రావడం మొదలయింది. దాని తరువాత వచ్చిన మూడు స్కూటర్లు కొత్త రంగులతో ఇళ్ళకు చేరాయి. రాజదూత్ మాత్రం స్టాండు దిగలేదు. ఇన్ని నెలలలో యాకోబు దాని మీద వేసింది ఒకే ఒకటి: పాత దుప్పటి.

ఆ షెడ్డు యాకోబుది. బండ్లకు రంగులు వేయడం, దుకాణాలకు పేర్లు రాయడం అతని వృత్తి. ఫ్లెక్సీలు వచ్చి రెండవ పనిని చాలావరకు మింగివేశాయి గాని, మొదటిది ఇంకా కూడు పెడుతూనే ఉంది. వయసు యాభై రెండు. చెయ్యి ఇప్పటికీ వణకదు. ఓర్పు మాత్రం ఈ నాలుగు నెలలలో బాగా అరిగిపోయింది. దానిని అరగదీసినవారు ఇద్దరు: బండి యజమాని చిన్నన్న పటేలు, ఆయన మనవడు ప్రశాంత్.

ట్రాక్టర్ల షోరూములో పనిచేసే ప్రశాంత్ బండిని తెచ్చి, "కాకా, మొత్తం మార్చెయ్, చూసెటోనికి కండ్లు తిరగాలె" అని అప్పగించి వెళ్ళాడు. అప్పటినుంచి వారానికొక ఫొటో పంపుతూనే ఉన్నాడు. మొదటి వారం మెరుపు లేని నలుపు. రెండవ వారం సీటు సగానికి కోయాలన్నాడు. మూడవ వారం హ్యాండిలు కిందికి వంచాలన్నాడు. అయిదవ వారం ఎడారి ఇసుక రంగు అన్నాడు.

"ఎడారి ఎందుకురా, మన శ్రీరాంసాగర్ కాడ లేదా ఇసుక?" అని యాకోబు అడిగాడు.

"గది వేరే కాకా," అంటూ ప్రశాంత్ ఫోనులో చూపించిన రంగు, యాకోబు కంటికి, వానాకాలం యార్డు ముందరి బురద.

చిన్నన్న కోరిక ఒక్కటే, అది మారదు. కాని అది మనవడి కోరికలలో దేనితోనూ కలవదు. యార్డుకు వచ్చినప్పుడల్లా ఆయన షెడ్డులోకి తొంగిచూసి, "ఎర్రగ వెయ్యి. మునుపు ఎట్లుండెనో గట్లనే. జర్రంత ఫరక్ వచ్చినా ఊకోను" అని హెచ్చరించి పోయేవాడు.

నిజానికి యాకోబుకు ఎరుపైనా ఒకటే, బురదైనా ఒకటే. ఏ రంగు వేయవలసి వచ్చినా, ముందుగా పాత రంగును ఇనుము కనబడేదాకా గీకివేయాలి. గీకినప్పుడు టాంకు ఎడమవైపున ఉన్న రెండు మాటలు కూడ పోతాయి. ముప్పయ్యారేళ్ళుగా అతడు ఎదురుచూస్తున్నది అవి పోవడానికే.

ఆ మాటలు రాసింది అతడే. అప్పటికి అతనికి పదహారేళ్ళు. ఏడవ తరగతితో బడి మాని, ఒక ఉస్తాదు దగ్గర పని నేర్చుకుంటున్నాడు. చిన్నన్న కొత్తగా కొన్న రాజదూత్‌ను తీసుకొని వచ్చి, టాంకుకు రెండు వైపులా 'పచ్చ బంగారం' అని రాయమన్నాడు. తనకు బండి కొనిపెట్టినది పసుపు పంటే గనుక పసుపు పేరే దానికి ఉండాలని ఆయన కోరిక. ఆనాడు ఉస్తాదు మోర్తాడ్‌కు పెళ్ళికి పోయాడు. చిన్నన్న బస్తాలేమో అప్పటికే యార్డులో దిగుతున్నాయి. ఆగే తీరిక ఆయనకు లేదు. కుంచె యాకోబు చేతికి వచ్చింది.

ఎడమవైపు మొదలుపెట్టాడు. ప రాసి, దాని మీద తలకట్టు పెట్టి చెయ్యి తీశాడో లేదో, పసుపు లారీ ఒకటి గుంతలో పడి లేచి వెళ్ళింది. ఆరని రంగు మీద పసుపు దుమ్ము రాలింది. వేలితో తుడిచాడు, తలకట్టు అలుక్కుపోయి మచ్చ అయింది. మచ్చ కనబడకుండా దాని మీదుగా కుంచెను గుండ్రంగా తిప్పాడు. మచ్చ పోయినందుకు సంతోషించాడే గాని, తలకట్టు ఉండవలసిన చోట గుడి వచ్చి కూర్చున్నదని, పచ్చ కాస్తా పిచ్చ అయిందని గ్రహించలేదు. ఎడమవైపు ముగియగానే చిన్నన్న, "గా దిక్కు రేపు రాయి" అని బండి తీశాడు. ఆయనా చదవలేదు.

చదివింది యార్డులోని హమాలీలు. "పిచ్చ బంగారం వచ్చిందిరో!" అని ఒకడు కేక పెట్టాడు. యార్డంతా నవ్వింది. చిన్నన్న మొహం కందగడ్డ అయింది. అయితే ఆ రోజు అందరికంటె మంచి ధర పలికింది ఆయన పసుపుకే. అంతటితో తప్పుకు పట్టాభిషేకం జరిగిపోయింది.

"పటేలా, ఒక్క గంట బండి విడువుండ్రి, దిద్దుత" అని యాకోబు ఎన్నిసార్లు బతిమాలాడో లెక్క లేదు. ప్రతిసారీ చిన్నన్న ఒకే జవాబు చెప్పేవాడు: "గుడిని ఎవలన్న కూలగొడ్తరార?"

ఊరు ఆ మాటను అందుకుంది. యాకోబు, గుడి యాకోబు అయ్యాడు. ఊళ్ళో యాకోబులు మరి ముగ్గురు ఉన్నందున ఆ పేరు అందరికీ సదుపాయంగా కూడ ఉండింది. చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు మొదటి ఆదివారమే అతనిని పక్కకు పిలిచి, "ఏ గుడికి పోతుంటవు తమ్మీ?" అని మెల్లగా అడిగాడు. ఇందల్వాయి నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు, "గుళ్ళకు రంగులేసే యాకోబువి నువ్వేనా?" అని తమ ఊరి గుడి పని అప్పగించారు. అతడు ఆ పనిని చక్కగా చేశాడు. ద్వారం మీద పేరు రాసేటప్పుడు మాత్రం ప్రతి అక్షరాన్నీ మూడుసార్లు కూడబలుక్కున్నాడు.

ఆ తప్పు తరువాత యాకోబు మరొక తప్పు రాయలేదు. పాత పుస్తకాల బండి మీద అట్టలు లేని నిఘంటువు ఒకటి కొని రంగు డబ్బాల పక్కన పెట్టుకున్నాడు. మధ్యాహ్నం అనే మాటలో హకారానికే నకారపు వత్తు ఇవ్వాలని ఒక హోటలు యజమానితో అరగంట వాదించాడు. వాదన గెలిచాడు; బోర్డు పని ఫ్లెక్సీవాడికి పోయింది. ఇంత చేసినా అతని పేరు ముందర గుడి అలాగే ఉండిపోయింది. ఎందుకు ఉండదు? రుజువు ఊరంతా తిరుగుతున్నది గదా.

అందువల్లనే, తాతా మనవడూ ఏదో ఒకటి తేల్చుకుంటే చాలునని అతడు కాచుకొని ఉన్నాడు. వాళ్ళు తేల్చుకోరు. చివరకు ఫోను చేసి ఇద్దరినీ ఒకే పూట రప్పించాడు.

"ఇయ్యాల తేల్చుండ్రి, లేకుంటే బండి తీస్కపోండ్రి," అన్నాడు. "నా షెడ్డు దవాఖాన కాదు, నెలల కొద్ది పండవెట్టుకొనికి."

"గంత గరమైతవేందిరా యాకోబూ," అంటూ చిన్నన్న స్టూలు మీద కూర్చున్నాడు. "నేను చెప్పిన గద. ఎర్రగ, మునుపటి లెక్క."

"మునుపటి లెక్క చేస్తే మ్యూజియంల పెట్టాలె తాతా," అన్నాడు ప్రశాంత్. "జర మంచిగ కస్టమ్ చేస్తే రోడ్డు మీద అందరు మర్లి చూస్తరు."

"నన్ను గప్పుడే మర్లి చూసిండ్రు. మీ నానమ్మ సుత, పెండ్లయి పదేండ్లయినంక, గట్లనే చూసింది."

"సీటు కోస్తే లుక్ వస్తది."

"కోస్తే నేనేడ కూసోవాలెరా?"

"నువ్వు కారుల కూసో."

"కారుల కూసోనికి బండికి రంగెందుకు?"

"సీటు సంగతి ఆఖరుకు," అన్నాడు యాకోబు. అతని చేతిలోని గరుకు కాగితం నలిగి ఉండ అయింది. "ముందుగాల టాంకి చెప్పుండ్రి. ఎరుపా, నలుపా? ఒక్క మాట."

ఒక్క మాట రావడానికి ముప్పావుగంట పట్టింది. ఎదుటి టీ కొట్టు ఎంకటి రెండు విడతలుగా టీలు తెచ్చాడు. చివరకు ప్రశాంత్ తాత భుజం మీద చెయ్యి వేసి, "సరే, రంగు నాకొదిలెయ్. కాని గా రాత మాత్రం ఉంచుదాం. పిచ్చ బంగారం! నా దోస్తులు బండి సంగతి కాదు, గా రాత సంగతే అడుగుతున్నరు. గిప్పుడు పిచ్చ అంటే మస్తు అన్నట్టు తాతా" అన్నాడు.

చిన్నన్న ముఖం వెలిగింది. "ఉంచుడేందిరా, అది లేకుంటే బండే లేదు. గుడి అచ్చం గట్లనే ఉండాలె. అదుంటే రంగు నీ ఇష్టం."

నాలుగు నెలలలో ఆ ఇద్దరికీ కుదిరిన మాట అది ఒక్కటే.

యాకోబు నలిగిన కాగితపు ఉండను కింద పారేశాడు. "గీకితే అది ఉండది పటేలా," అన్నాడు.

"ఉండకుంటేంది? మల్ల రాయి. రాసింది నువ్వే గద!"

"రాయ."

"ఏందీ?"

"నేను రాయ. గప్పుడు రాసింది నేను కాదు, దుమ్ము. గిప్పుడు రాస్తే నేనే రాసినట్టు. పదారేండ్ల పోరడు తప్పు రాసిండంటే నవ్వి ఊకున్నరు. యాభై రెండేండ్లోడు తెలిసి తెలిసి రాస్తే ఏమంటరు?"

"పిచ్చోడంటరు," అన్నాడు ఖాళీ గ్లాసులు ఏరుకుంటున్న ఎంకటి.

చిన్నన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. ప్రశాంత్ నవ్వి, యాకోబు ముఖం చూసి మానుకున్నాడు. "రేపు వస్తంరా, మంచిగ ఆలోచన చెయ్యి" అని చెప్పి ఇద్దరూ వెళ్ళిపోయారు.

యాకోబు ఆలోచించలేదు, రంగు కరిగించే మందు డబ్బా మూత తీశాడు. కుంచెతో ఒక్కసారి పూస్తే చాలు, పావుగంటలో అక్షరాలు పొక్కులు పొక్కులుగా లేచిపోతాయి. మందు ఒలికిందని చెప్పవచ్చు. ముప్పయ్యారేళ్ళ కిందట తాను అనుకోకుండా చేసిన తప్పును వీళ్ళు భరించారు. ఇప్పుడు అనుకొని చేసే తప్పును కూడ భరించనీ.

దుప్పటి లాగివేశాడు. మందు సరిగా పట్టాలంటే దుమ్ము ఉండగూడదు. తడిగుడ్డ తీసుకొని టాంకును తుడిచాడు. ఎప్పుడూ లేనిది, తుడవడం ఎడమ చివరినుంచి కాక కుడి చివరినుంచి మొదలుపెట్టాడు. రం చివరి సున్న కనబడింది. రూపాయి బిళ్ళ పెట్టి గీసినట్లు, ఎక్కడా తెగకుండా, ఎక్కడా లావెక్కకుండా ఉంది. తరువాత గా. దాని దీర్ఘం ఒక్క ఊపిరిలో లాగినది. మధ్యలో కుంచె ఆగిన జాడ లేదు. అటువంటి గీత ఈరోజు గీయాలంటే అతనికి టేపు అంటించుకోవలసిందే. బం నిండుగా కూర్చున్నది. చ కింద వత్తు, ఎంత ఉండాలో అంతే ఉంది.

గుడ్డ ప దగ్గర ఆగింది.

అయిదు అక్షరాలు. ఒకటి తప్పు, నాలుగు ఒప్పు. ఏడవ తరగతితో బడి మానిన పిల్లవానికి, ఉస్తాదు లేని పూట, ఆ మార్కులు తక్కువేమీ కావు. ఇన్నేళ్ళలో ఆ నాలుగింటినీ ఊరు చూడలేదు సరే, యాకోబు కూడ ఒకనాడైనా చూడలేదు.

డబ్బా మీద మూత పెట్టాడు. పెట్టిన మరుక్షణమే చిరాకు మళ్ళీ వచ్చింది. అక్షరాలు అందంగా ఉన్నంత మాత్రాన తప్పు ఒప్పయిపోతుందా? పోదు. విసురుగా లేచి బండికి కుడివైపు వచ్చాడు. అక్కడ టాంకు ఖాళీగా ఉంది. "గా దిక్కు రేపు రాయి" అన్న ఆ రేపు ఇంతవరకు రానే లేదు.

మరునాడు తాతా మనవడూ వచ్చేసరికి యాకోబు మాట సిద్ధంగా ఉంది. "ఎడమ దిక్కు గీక, దిద్ద, మల్ల రాయ. ఎట్లున్నదో గట్లనే, పైన అద్దం లెక్క లక్కరు కొట్టి ఉంచుత. కుడి దిక్కు తుప్పు పట్టింది, అది నా ఇష్టం. తక్కిన బండి మీరేమన్న చేస్కోండ్రి. నచ్చకుంటే తీస్కపోండ్రి."

వాళ్ళు పోట్లాడతారని అతడు తగినంత కోపం కూడగట్టుకొని ఉన్నాడు. అది వృథా అయింది.

"బండంత నలుపు, టాంకి పాతది!" అని ప్రశాంత్ ఎగిరి గంతేశాడు. "కాకా, గిప్పుడు గిదే నడుస్తున్నది. నీకెట్ల తెలిసింది?"

"గుడి ఉన్నది గద, సాలు," అన్నాడు చిన్నన్న. "సీటు మాత్రం ముట్టకు."

నాలుగు నెలలు కదలని పని ఎనిమిది రోజులలో ముగిసింది. మడ్గార్డులు నల్లగా మెరిశాయి. టాంకు ఎడమవైపున వెలిసిన ఎరుపు మీద పాత అక్షరాలు లక్కరు కింద తడిసినట్లు నిగనిగలాడాయి. కుడివైపున, కొత్త ఎరుపు మీద, యాకోబు నిఘంటువు తెరవకుండానే ఆ రెండు మాటలను రాశాడు. లారీలు వచ్చే వేళ కాదని చూసుకొని రాశాడు. ప మీద తలకట్టు పెట్టి, అది ఆరేదాకా పక్కనే కూర్చొని విసనకర్రతో ఈగలను తోలాడు.

బండి తీసుకొని పోవడానికి చిన్నన్న, ప్రశాంత్ వచ్చిన పూట, ఎంకటి టీ గ్లాసుతో బండి చుట్టూ ప్రదక్షిణం చేశాడు. ఎడమవైపు నిలబడి పైకి చదివాడు: "పిచ్చ బంగారం. ఆఁ, ఉన్నది." కుడివైపుకు వచ్చాడు. చదివాడు. వంగి మళ్ళీ చదివాడు. యాకోబు కుంచె పట్టుకొని చూస్తున్నాడు. ముప్పయ్యారేళ్ళ తరువాత ఆ మాటను ఊరు మొదటిసారి సరిగా చదవబోతున్నది.

"యాకోబన్నా," అన్నాడు ఎంకటి, గొంతు తగ్గించి, ఎవరూ వినకూడదన్నట్లు. "గీ దిక్కు గుడి పెట్టుడు మర్సినవే."

చిన్నన్న కుడివైపుకు వచ్చి కళ్ళు చికిలించి చూశాడు. యాకోబు ముఖం వైపు చూశాడు. "పోనియ్‌రా ఎంకటి," అన్నాడు జాలిగా. "పెద్దోడైతున్నడు. అప్పుడప్పుడు గట్లనే అయితది."

యాకోబు రంగు డబ్బాల పక్కనున్న నిఘంటువు వైపు ఒకసారి చూశాడు. కుంచెను థిన్నరు డబ్బాలో ముంచి, కడగవలసిన దానికంటె చాలాసేపు కడిగాడు.