గేరుబాక్సు విప్పని విచారణ

1973 వేసవిలో నన్ను పటాన్‌చెరు దగ్గరి ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో ప్రజాసంబంధాల అధికారిగా వేశారు. అంతకుముందు తొమ్మిదేళ్ళు హైదరాబాదులో ఒక దినపత్రికలో పనిచేశాను. కొత్త ఉద్యోగంలో పని తక్కువ. సందర్శకులకు షెడ్లు చూపించడం, పత్రికలకు ప్రకటనలు పంపడం, నెలకోసారి కర్మాగారం సొంత సంచిక తీసుకురావడం. నాకు తీరిక ఉంటుందని అందరికీ తెలుసు కనుక ఏ విచారణ సంఘం వేసినా అందులో నాకొక కుర్చీ ఉండేది. ‘రిపోర్టు బాగా రాస్తాడు’ అన్నదే నా అర్హత.

ఆ ఏడాది చివర్లో వేసిన సంఘం ఒక కారు గేరుబాక్సు మీద. కారు పాతది, మరో యూనిట్ వాడి వదిలేస్తే మాకు వచ్చింది. అతిథులను స్టేషను నుంచి తెచ్చి దింపడానికి వాడేవారు. ఆరు నెలల్లో దాని గేరుబాక్సు రెండుసార్లు పాడైంది. మొదటిసారి పాతది తీసి కొత్తది బిగించారు. కొత్తది కూడా గేరు మార్చినప్పుడల్లా గరగరలాడి, చివరికి మూడో గేరు పడడమే మానేసింది. దాంతో డ్రైవర్ మల్లయ్యకు ‘మొరటుగా నడిపి కర్మాగారం ఆస్తికి నష్టం కలిగించాడు’ అని చార్జిషీటు ఇచ్చారు.

మల్లయ్యది ఆ ఊరే. వాళ్ళ పొలం కర్మాగారం గోడ లోపలికి పోయింది. అందుకు బదులుగా ఇంటికొక ఉద్యోగం అన్నారు. రెండేళ్ళు దినకూలీ మీద అదే కారు నడిపి, ఆ ఏడే ప్రొబేషన్ మీద చేరాడు. ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ణి తీసేయడానికి సంఘం ‘తప్పు రుజువైంది’ అంటే చాలు, పైన ఒక్క సంతకం పడితే సరిపోతుంది.

సంఘానికి అధ్యక్షుడు డిప్యూటీ ఇంజనీరు సుబ్బారావు. మూడో సభ్యుడు పర్సనల్ శాఖ మనిషి. అన్ని సమావేశాల్లోనూ టీ సంగతి తప్ప ఆయన నోరు విప్పలేదు. మొదటి రెండు సమావేశాలు లాగ్‌బుక్కు చదవడంతో గడిచాయి. ఆ గేరుబాక్సు మాత్రం మోటారు షెడ్డులో మూలన, మెడకు లక్క ముద్ర చీటీ కట్టించుకుని పడి ఉంది. దాన్ని ఎవరూ విప్పలేదు. విప్పాలంటే పనిఉత్తర్వు కావాలి. పనిఉత్తర్వులో పాడవడానికి కారణం రాయాలి. కారణం తేల్చవలసింది మేము. వెంట్రుక మందంలో పదోవంతు తేడా వచ్చినా ఉక్కు ముక్కను పక్కన పడేసే ఇంజనీర్లు ఈ చక్రంలో తిరుగుతూ ఏ ఇబ్బందీ పడలేదు.

మూడో సమావేశానికి మల్లయ్యను పిలిచారు.

“ఏమయ్యా, క్లచ్చి పూర్తిగా తొక్కకుండానే గేరు మార్చేవాడివట?” అన్నాడు సుబ్బారావు.

“ఎవలన్నరు సార్? ఎన్క సీట్ల కూసున్నోళ్ళకు నా కాలు ఎట్ల కనబడ్డది?”

“ఎదురు మాట్లాడకు. బాక్సు ఎందుకు పోయిందో చెప్పు.”

“నూనె సార్. నేను మొదట్ల నడిపినప్పుడు దీంట్ల ఇంజన్ ఆయిలే పోసేటోళ్ళు. గేరు వెన్నలెక్క పడేది. ఇగ గా చిక్కటి జిడ్డు పోసుడు వెట్టిన్రు, గప్పటి సంది గరగర. కొత్త గేరుడబ్బ ఏసి మల్ల గదే జిడ్డు పోసిన్రు. నేను షెడ్డుల జెప్పిన. నీకేం తెల్సురా అన్నరు.”

“నీకు ఆయిల్ గ్రేడులు తెలుసా?”

“గ్రేడు నాకు దెల్వది సార్. డబ్బ ఇప్పి సూడుండ్రి. ఇప్పకుంట నా మీద ఎట్ల ఏస్తరు?”

ఈ నూనె సంగతి కొంచెం చెప్పాలి. మా స్టోర్సులో అంతకుముందు పదకొండు రకాల నూనెలు ఉండేవి. వర్క్స్ మేనేజరు వాటిని తగ్గించి, ఇంజన్ అన్న ప్రతిదానికీ ఒకటి, గేరు అన్న ప్రతిదానికీ ఒకటి చాలునని ఉత్తర్వు వేశాడు. క్రేనుకు, లారీకి, ఈ కారుకు ఒకే గేరు నూనె. పైనుంచి మెప్పు లేఖ వచ్చింది. ఆ సంస్కరణను పొగుడుతూ ఆయన ఫొటోతో సహా మా సంచికలో పూర్తి పేజీ వేసింది నేనే. రాసే ముందు ఒక్క డ్రైవర్నైనా అడగాలని నాకు తోచలేదు. దినపత్రికలో ఇలాంటి పని చేసి ఉంటే మా న్యూస్ ఎడిటర్ ఆ కాగితం నా ముఖాన కొట్టేవాడు.

పనిఉత్తర్వు అక్కర్లేని బయటి మెకానిక్ చేత విప్పిద్దామని నేను ప్రతిపాదించాను. సుబ్బారావు వెంటనే ఒప్పుకున్నాడు. రోడ్డు పక్క మెకానిక్ మాటకు ఫైలులో విలువ ఉండదని ఆయన ధైర్యం.

పటాన్‌చెరు రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకున్న ఖాజా భాయ్ వచ్చాడు. లక్క ముద్ర చూసి, “ఏంది సాబ్, దీనికి పెండ్లి చేసిన్రా?” అన్నాడు. అధ్యక్షుడు నవ్వలేదు. ఖాజా ముందు నూనె వంచి, రెండు వేళ్ళ మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, నా ముక్కు దగ్గరా పెట్టాడు. కుళ్ళిన గుడ్డు వాసన. పైమూత తీసి, గేర్లను ఒక్కొక్కటిగా గోనెపట్టా మీద పేర్చాడు. గేరు పళ్ళు కలిసే ముందు రెండు చక్రాల వేగాన్నీ సమం చేసేందుకు వాటి మధ్య ఇత్తడి రింగులు ఉంటాయి. అవి నల్లబడి, లోపలి సన్నని గాట్లు పూర్తిగా అరిగి, నున్నగా తయారయ్యాయి.

“చూడుండ్రి సాబ్. డ్రైవర్ గుద్ది గుద్ది ఏస్తే ముందు ఉక్కు పండ్లు ఇరగాలె. గివి మంచిగున్నయి, ఒక్కటి గూడ పోలేదు. పీతల్ రింగులే ఖరాబైనయి. లారీ నూనెల గంధకం ఉంటది, పీతల్‌ను తింటది. ఈ పాత కార్లకు ఇంజన్ ఆయిలే. నా దుకాన్ల అందరికి ఎర్కే.”

“నువ్వేం చదువుకున్నావు?” అని సుబ్బారావు అడిగాడు.

“నేనేం సదువలే సాబ్. గందుకే డబ్బ ఇప్పి చూస్త.”

షెడ్డులోనే నిలబడి చూస్తున్న మల్లయ్య పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. సుబ్బారావు చేతిరుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు. ఆయన వేళ్ళకు అంటింది ఏమీ లేదు.

ఆ సాయంత్రమే నివేదిక రాశాను. నష్టానికి కారణం ఫలానా ఉత్తర్వు ప్రకారం పోసిన నూనె అనీ, డ్రైవర్ తప్పు లేదనీ, ఉత్తర్వును సవరించాలనీ అందులో ఉంది. మర్నాడు సుబ్బారావు నన్ను తన గదికి పిలిచి, ఎర్ర పెన్సిల్‌తో మొదటి వాక్యాన్నీ చివరి వాక్యాన్నీ కొట్టేశాడు. ఉత్తర్వు వేసిన వర్క్స్ మేనేజరు ఆయనకు పై అధికారి. సుబ్బారావు ప్రమోషన్ కాగితం ఆ మేనేజరు బల్ల మీదే ఉంది.

“డ్రైవర్ తప్పు రుజువు కాలేదు, సహజమైన అరుగుదల అని రాయండి. వాడి ఉద్యోగం నిలుస్తుంది. నూనె మాట ఉండాలంటారా, మీరు విడిగా అసమ్మతి రాసుకోండి. నేను తప్పు రుజువైందనే రాస్తాను, పర్సనల్ ఆయన నా వెనకే సంతకం చేస్తాడు. పత్రికలో పనిచేసినవారు, ఏది రాయకూడదో మీకు నేను చెప్పాలా?”

వాళ్ళు ఇద్దరు, నేను ఒక్కణ్ణి. మల్లయ్య ఉద్యోగం నిలవడం ముఖ్యమనుకుని ఆయన చెప్పినట్టే రాశాను. ముగ్గురం సంతకాలు చేశాం.

ఈ సంగతి మల్లయ్యకు నేనే చెప్పాను. కృతజ్ఞతలు వింటాననుకున్నాను.

“నూనె మాట రాసిన్రా సార్?”

“లేదు.”

“మరేం జేసిన్రు? రేపు గా సీట్ల ఇంకోడు కూసుంటడు గద.”

అతన్ని అంబులెన్సుకు మార్చారు. కారుకు మూడో గేరుబాక్సు బిగించి, ఉత్తర్వులో ఉన్న నూనే పోశారు. కొత్తగా ప్రొబేషన్ మీద వచ్చిన డ్రైవర్‌కు ఆ కారు ఇచ్చారు. ఏడాది తిరగకముందే అతనికి అదే చార్జిషీటు వచ్చింది, అవే మాటలు. వేరే సంఘం కూర్చుంది, గేరుబాక్సు విప్పలేదు, అతన్ని తీసేశారు. మా నివేదిక చూసి ‘గతంలో కూడా యంత్రలోపం కనబడలేదు’ అని వాళ్ళు రాసుకున్నారని తర్వాత ఫైలులో చదివాను. సుబ్బారావు అప్పటికే ప్రమోషన్ మీద ఇంజనీరు అయ్యాడు.

ఒక మనిషిని తప్పించి, కారణాన్ని అలాగే వదిలేసిన నివేదిక, ఆ సీటులోకి రాబోయే మనిషికి ముందే రాసిపెట్టిన చార్జిషీటు. ఉద్యోగంలో నేను నేర్చుకున్నవాటిలో ఇదొకటి. ఆ కాగితం మీద రెండో సంతకం నాది.