చుక్కలు పోయిన బొమ్మ

తొంభైల నడుమ మా ఇంటికి చేపలు తెచ్చే ఆమెది జాలరిపేట. నేను ఉక్కు కర్మాగారంలో కొలత పరికరాలు చూసేవాణ్ణి. సెలవు రోజుల్లో తెలిసినవాళ్ల ఇళ్లమీద టీవీ యాంటెన్నాలు సరిచేసేవాణ్ణి. ఆ సంగతి తెలిసే ఒక శనివారం గంప దించకుండానే అడిగింది.

"బాబూ, రేపు మజ్జాన్నం టీవీలో మా పేటని సూపిత్తారంట. మా ఆయన్ని గూడా తీసినారు. మా టీవీలో మాటొత్తాది గానీ మనిషి రాడు."

ఆమె భర్త వేటకు వెళ్లి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఇంట్లో అతని ఫొటో ఒక్కటీ లేదు. అతను పోవడానికి కొన్నాళ్ల ముందు టీవీ వాళ్లు వచ్చి, ఒడ్డున కూర్చుని అన్నదమ్ములిద్దరూ వల బాగుచేస్తుంటే చిత్రీకరించుకుని వెళ్లారు. ఆ ముఖాన్ని మళ్లీ చూడడానికి ఆమెకు మిగిలింది ఆ కార్యక్రమం ఒక్కటే.

ఆమె చెప్పిన లక్షణం సరైనదే. సంకేతం బలహీనపడినప్పుడు బొమ్మ చుక్కల్లో మునిగిపోయినా, శబ్దం వేరే పద్ధతిలో ప్రసారమవుతుంది కనుక మాట నిలుస్తుంది.

ఆదివారం వెళ్లేసరికి వీధి సగం ఆ ఇంట్లోనే ఉంది. టీవీ ఆమె బావగారిది, అంటే భర్తకు అన్నగారిది. ఏం చెయ్యాలో ఆయనే నాకు చెప్పాడు.

"బూస్టరెట్టేయ్ బాబూ. అదొక్కటెడితే సాలు."

టీవీ పక్కనే బూస్టర్ తగిలించాను. చుక్కలు ఇంకా తెల్లగా, ఇంకా చురుగ్గా ఎగిరాయి. బూస్టర్ తనలోకి వచ్చినదాన్నంతా పెంచుతుంది. లోపలికి బొమ్మ రాకపోతే పెరిగేది చుక్కలే.

"సదువుకున్నాయన సుక్కల్ని బాగా మేపినాడ్రా" అన్నారెవరో. నవ్వారు.

నిచ్చెన వేసుకుని పైకెక్కాను. యాంటెన్నా అంతా నల్లగా ఉంది. ఉప్పుగాలికి నిలవాలంటే ఏ వస్తువుకైనా తారు పూయాలన్నది ఆ ఒడ్డున పడవలు నేర్పిన పద్ధతి. పడవకు పూయగా మిగిలిన తారును బావగారు దీనికి పట్టించాడు. కడ్డీల మీద ఉన్నంతవరకు దానివల్ల పెద్ద నష్టం లేదు. కానీ ఆయన శ్రద్ధగల మనిషి: తీగను ఊడదీసి, అది తగిలే చోటికి కూడా తారు పూసి, ఆ తారు మీదనే మళ్లీ మర బిగించాడు. తీగకూ లోహానికీ మధ్య ఆ పొర అడ్డుపడింది.

"గీకేత్తన్నావేటి? సంద్రం సంగతి నీకేటి తెల్సు?" కింది నుంచి ఆయన గద్దించాడు.

లోహం మెరిసేదాకా గీకి, మర బిగించాను. పొడవాటి తీగలో బలం తగ్గకముందే పెంచాలి గనుక, బూస్టర్‌ను పైకి తెచ్చి యాంటెన్నా కిందనే అమర్చాను. దిగి వచ్చేసరికి బొమ్మ నిలిచింది. ఒక్క చుక్క లేదు.

కార్యక్రమం మొదలైంది. పడవలు, చేపల వేలం, ఆ తర్వాత వల మీద కదిలే రెండు చేతులు. చాలాసేపు అవే చూపించారు. భుజాల పైభాగం తెరలో లేదు.

"ఆయనే" అందామె. నా వైపు తిరిగింది. "బాబూ, యాంటినా గెడ ఇంకొంచెం ఎత్తు సేత్తే మొకం అగుపడతాదేటి?"

ఇల్లంతా గొల్లుమంది. "గెడెక్కి నువ్వే సూడే, అగుపడతాడు" అందొక ముసలామె. అలా కుదరదని, తీసినప్పుడే ముఖం వదిలేశారని చెప్పాను.

"మొకం దాకా ఎందుకే? ఆ సేతులు నాయి" అన్నాడు బావగారు.

"కాదు బావా. ఆయనవి."

"నా సేతులు నాకు తెల్దేటి?" లేచి వెళ్లి, గాలం తాడు కోసిన మచ్చ కనిపించేలా కుడి చేతిని తెరకు ఆనించాడు. "ఆడు పక్కనే కూకున్నాడు. ఆణ్ణి తియ్యనేదు. ఆడి పనితనం సూసి ఒగ్గేసినారు."

మళ్లీ నవ్వులు. ఆమె ఆయన వైపు చూడలేదు.

"మీరు సెప్పండి బాబూ. ఎవులివి?"

తెరలో చెయ్యి తిరిగింది. బొటనవేలి మొదట్లో అదే తెల్లటి మచ్చ. చుక్కల బొమ్మలోనైతే ఆ చేతులు ఎవరివైనా కావచ్చు.

"మీ బావగారివే" అన్నాను.

ఆమె లేచి తెర దగ్గరికి వెళ్లింది. బొమ్మలో బావగారి చేతుల పక్కన, తెర అంచు ఉన్న చోట, ఏదో వెతుకుతున్నట్టు నిలబడిపోయింది.

"అడ్డు లెగే" అన్నారు వెనక నుంచి. "బొమ్మ బాగా వత్తంది."