మంచం కింద బరోలో

ఆ రోజుల్లో, అంటే దోహాకి కొత్తగా వచ్చి, ఎవరేం చెప్పినా తల ఊపడమే ఉద్యోగమనుకునే రోజుల్లో, నేను భద్రంగా చూసుకున్నవి రెండు: నా బీటెక్ సర్టిఫికెట్టు, ఒక ఇటాలియన్ ఎర్ర వైను సీసా. సర్టిఫికెట్టుకు ప్లాస్టిక్ కవరు సరిపోయింది. సీసాకు ఏసీ కావలసివచ్చింది.

దాన్ని నాచేత కొనిపించినవాడు మా ఇటాలియన్ బాసు. మందు కొనే పర్మిట్ కార్డు పట్టుకుని దుకాణంలో బిక్కమొహం వేసుకుని నిలబడితే, ఆయన బరోలో అనే వైను సీసా ఒకటి తీసి, సంబంధం కుదిర్చే పెద్దమనిషిలా నా చేతిలో పెట్టాడు. "ఇప్పుడు తాగితే నోరు పిడచగట్టుకుపోతుంది. పదేళ్లు ఆగు. చల్లగా, చీకట్లో, పడుకోబెట్టి ఉంచు. కదపకు. అడుక్కి మడ్డి దిగుతుంది, అది లేవకూడదు" అన్నాడు. (మా బామ్మ ఆవకాయ జాడీ గురించి ఇంతకన్నా తక్కువే చెప్పింది.) నాలుగు నెలలకే ఆయన బదిలీ మీద మిలాను వెళ్లిపోయాడు. సీసా నా మంచం కిందికి చేరింది. దానికోసం ఏసీ పద్దెనిమిది మీద ఆగకుండా నడిచేది. జూలై నెలలో, దోహాలో, నేను స్వెట్టరు వేసుకుని పడుకునేవాణ్ణి.

రెండేళ్లకు బాసు తిరిగొచ్చాడు. దోహా పక్కనే లుసైల్‌లో కొత్త ప్రాజెక్టు. జట్టులోకి ఎవరిని తీసుకోవాలన్నది ఆయన మాటే. నా పాత ప్రాజెక్టు ముగింపుకొచ్చింది కనుక, ఆయన వద్దంటే నాకు తిరుగు విమానమే. "సీసా ఉందా? శుక్రవారం భోజనానికి మీ ఇంటికొస్తా. పదేళ్లు నావల్ల కాదు, తెరుద్దాం" అన్నాడు ఫోన్లో. "ఉంది సార్. అంగుళం కదపలేదు సార్" అన్నాను, గర్వంగా.

శుక్రవారం పొద్దున్న మంచం కింద చెయ్యి పెట్టాను. సీసా ఉంది. లేబుల్ సగం లేకుండా, నున్నగా, అడుగు గుంటలో గోధుమపిండితో ఉంది. నాతోపాటు ఆ ఫ్లాట్లో ఉండేది జగిత్యాల అన్న ఒక్కడే. సైట్లో ఫోర్‌మన్, వంటింట్లో సర్వాధికారి.

"అన్నా!"

"ఏంది తమ్మీ, గట్ల ఒర్లుతున్నవ్?"

"దీనికి పిండెలా అంటింది?"

"చపాతీ కర్ర ఇరిగింది కద, నిరుడు. గిది మంచి బరువున్నది, మస్తు గుండ్రంగ ఒత్తుతది. ఒత్తినంక కడిగి మళ్ల ఆడనే పండవెడుత."

"రోజూనా?"

"శుక్రారం పూరీలు. గప్పుడు జర ఎక్కువ ఒత్తాలె." నా మొహం చూసి అన్నకే కోపమొచ్చింది. "మూత ముట్టిననా? ఒక్క చుక్క తాగిననా? ఇంకోని రూంల ఉంటే రెండు దినాలుండునా గిది? నమ్మకస్తునికి ఇజ్జతే లేదు!"

అదీ నిజమే. పైగా ఏడాదిగా ఆ చపాతీలు మెచ్చుకుంటూ తిన్నవాణ్ణి నేనే.

బాసు వచ్చాడు. వైను స్టీలు గ్లాసుల్లోకి వరద గోదావరి రంగులో దిగింది. ఆయన ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ తెరవలేదు. నాకు విమానం కనబడింది. ఉండబట్టలేక, కర్ర విరగడం దగ్గర్నుంచి అంతా చెప్పేశాను.

బాసు కళ్లు తెరిచి అన్న వంక చూశాడు. అన్న ఆయన ప్లేట్లో ఇంకో పూరీ వేసి, "ఈట్ సార్. సేమ్ బాటిల్" అన్నాడు, భరోసాగా.

బాసుకి నవ్వుతో పొలమారింది. "ముప్పై ఏళ్లుగా అందరికీ పదేళ్లు ఆగమని చెబుతున్నాను. నా ఇంట్లో ఏ సీసా రెండో ఆదివారం చూడలేదు. రెండేళ్లు మూత తియ్యనివాళ్లని ఇవాళే చూస్తున్నాను, అదీ ఒకే ఇంట్లో ఇద్దర్ని" అని మూడో పూరీ తుంచాడు. ఆదివారం లుసైల్ ఆఫీసుకి రమ్మన్నాడు. (వైను మాత్రం ముగించలేదు. ఆయన మర్యాదకీ హద్దుంది.)

ఆ మాటకి పదేళ్లు దాటింది. బరోలోకి చెప్పిన జాగ్రత్తలన్నీ లుసైల్‌లో నాకు జరిగాయి: చల్లటి గది, ఎండ తగలకపోవడం, కుర్చీలోంచి కదలకపోవడం. రుచి పెరిగిందో లేదో నేను చెప్పుకోకూడదు. మడ్డి మాత్రం దిగింది, నడుం చుట్టూ. ఆ ఖాళీ సీసాలో బరువుకోసం నీళ్లు నింపి, శుక్రవారం పూరీలు ఇప్పటికీ దాంతోనే ఒత్తుతాను. ఒత్తుతుంటే, స్వెట్టరు వేసుకుని వైనుకి కాపలాగా పడుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. పాపం, వాడికి చలేస్తుందేమోనని వెళ్లి ఏసీ రెండు డిగ్రీలు పెంచి వస్తాను.