ఇన్వర్టర్ ఉన్నోళ్ల ఇంట్ల తుఫాను

పటాన్‌చెరు దిక్కు ఒక మందుల ఫ్యాక్టరీల నేను ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్త. కరెంటు పోయిన వెంటనే జనరేటర్ అందుకోవాలె, అది నా పని. అక్కడి బ్యాటరీలల్ల నీళ్లు సరిగ్గున్నయా లేవా అని రోజూ రిజిస్టర్ల రాయించి సంతకం పెడ్త. ఒక్కరోజు రాయకపోతే కింది మనుషుల మీద గరం అయిత. ఇంట్ల ఇన్వర్టర్ పెట్టి నాలుగేండ్లయింది. దాని బ్యాటరీ మూత తీసి చూసుడు మాత్రం నాకు ఎన్నడూ యాదికి రాలే.

సముద్రంల తుఫాను పుట్టింది, మన దిక్కు గూడ గట్టి వాన, గాలి ఉంటదని టీవీల చెప్పిన రోజు, మా అత్తమ్మ పొద్దున్నుంచి బిందెలు, బకెట్లు, ఆఖరికి కుక్కర్ల గూడ నీళ్లు పట్టి పెట్టింది. ఆమెది కోస్తా. మా మామ ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీల నౌకరీకి వస్తే ఆయన ఎంబడి వచ్చి ఇక్కడ్నే స్థిరపడ్డది. ఆయన పోయినంక ఇస్నాపూర్ల మా ఇంట్లనే ఉంటున్నది. తుఫాన్లు ఆమె చిన్నప్పటి నుంచి చూసింది. నేను కొండాపూర్ దిక్కు రైతుల ఇంట్ల పుట్టినోణ్ణి, సముద్రాన్ని పెండ్లయినంక చూసిన. అయినా ఆమెకు ధైర్యం చెప్పిన. ఇక్కడ సముద్రం లేదు, ఇంట్ల ఇన్వర్టర్ ఉంది, మీరు పరేషాన్ కావద్దు అని. ఆమె "అలాగే బాబూ" అని ఇంకో బకెట్ నల్లా కింద పెట్టింది.

పైన గదిల ఒడిశా నుంచి వచ్చిన భార్యాభర్తలు కిరాయికి ఉంటరు. ఆయన ఇంకో ఫ్యాక్టరీల ఫిట్టర్. వాళ్ల పాపకు ఏడాది నిండలే, చలిగాలి తగిలితే పిల్లికూతలు వస్తయి. డాక్టర్ మందు పొగ పట్టే మిషన్ ఇంట్ల పెట్టుకొమ్మన్నడు. అందుకని వాళ్ల గదికి గూడ ఇన్వర్టర్ లైను నేనే గుంజి ఇచ్చిన. మా ఇంట్ల కరెంటు బాధ లేదు అని ఆ రోజు పెద్ద మనిషి తీరుగ చెప్పిన.

మర్నాడు తెల్లారేసరికి గాలి మొదలైంది. ఎనిమిదింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకున్నది. నేను కుర్చీల కూసొని, కరెంటు లేని ఇంట్ల తుఫాను వార్తలు చూసుకుంట చాయ్ తాగిన. ఫ్యాన్ గూడ పెట్టిన. చలి పెడ్తున్నది, ఆపండి అని నా భార్య అన్నది. నడువనీ, ఏం కాదన్న. పక్కింటోళ్లను పిలిచి ఫోన్లు చార్జింగ్ పెట్టుకొమ్మన్న. తొమ్మిది కాకముందే ఇన్వర్టర్ కూతలు పెట్టి ఆగిపోయింది. మూత తీసి చూస్తే నీళ్లు అడుగుకు పోయినయి. ఎవ్వరికీ చెప్పలే. లైన్ల ఏదో ఫాల్ట్ అన్న.

మధ్యాహ్నం రెండింటికి ఫిట్టర్ మెట్లు దిగి వచ్చిండు. చేతిల మిషన్ ఉంది, వెనుక ఆయన భార్య, ఆమె భుజం మీద పాప. శ్వాస తీసినప్పుడల్లా పాప పక్కటెముకల కింద గుంట పడుతున్నది. "భయ్యా, లైన్ ఎప్పుడొస్తది?" అన్నడు.

మా కారు తీసి దవాఖానకు పోదామంటే గల్లీల మోకాలు లోతు నీళ్లు, మూల మీద చెట్టు పడ్డది. నేను ఇన్వర్టర్ ముందు కూసొని వైర్లు పీకి మళ్ల పెడ్తున్న. అది పనికి రాదని నాకు తెలుసు. అయినా ఊకె ఉంటే బాగుండదని చేస్తున్న. నా భార్య వచ్చి పక్కన కూసుంది.

"కారులో ఉన్నది కూడా బ్యాటరీయే కదా?" అన్నది మెల్లగ.

అది చిన్నది, ఇది పెద్దది, దాని పద్ధతి వేరు అని మొదలుపెట్టిన. రెండు మాటలు చెప్పేసరికే నాకు అర్థమైంది, పావుగంట మిషన్‌కు అది సరిపోయి మిగులుతదని. ఇరవై ఏండ్ల సర్వీసుల నాకు తట్టలే.

బయటికి ఉరికిన. బానెట్ లేపినంక యాదికొచ్చింది, బోల్టులు విప్పే నా పానాలన్నీ ఫ్యాక్టరీల ఉన్నయి. ఫిట్టర్ పైకి పోయి తన సంచి తెచ్చిండు. ఆయన బోల్టులు విప్పిండు, నేను గొడుగు పట్టిన. గాలికి గొడుగు తిరగబడి నా మొఖానికే తగిలింది. బ్యాటరీ లోపలికి తెచ్చి ఇన్వర్టర్ వైర్లు ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి కలిపిన. మూడుసార్లు చూసుకున్న.

మిషన్ గుర్రుమన్నది. అత్తమ్మ పాపను ఒళ్లో పెట్టుకొని మాస్కు పట్టింది. అందరం నిలబడి ఆ పొగనే చూసినం. పది నిమిషాలకు పిల్లికూతలు తగ్గినయి. పాప కండ్లు మూసుకుంది. తల్లి నా దిక్కు చూసి దండం పెట్టింది. నేను తల ఊపి తీసుకున్న. నా భార్య మిషన్ ఆపి వైరు చుట్టింది.

ఆ దండం నాకు ఎక్కింది. సాయంత్రం ఆ బ్యాటరీ మీదనే టీవీ పెట్టిన, మళ్ల పక్కింటోళ్లను పిలిచిన. చీకటి పడకముందే కారు బ్యాటరీ గూడ ఖతం అయింది. మంచిగయింది, ఆ రాత్రి పాపకు మిషన్ అవసరం పడలే. పడి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోబుద్ధి కాదు.

తెల్లారి నీళ్లు దిగి, మూల మీది చెట్టు తీసినంక పాపను ఒకసారి డాక్టర్‌కు చూపెడ్దామంటే, బ్యాటరీ మళ్ల బిగించినా కారు స్టార్ట్ కాలే. ఫిట్టర్, నేను, నా భార్య బురదల రోడ్డు దాక నూకితే స్టార్ట్ అయింది. డాక్టర్ పాప ఛాతి మీద గొట్టం పెట్టి విని, టైముకు మందు పట్టిండ్రు, లేకుంటే కష్టమయ్యేదన్నడు. ఫిట్టర్ నన్ను చూపెట్టి "భయ్యా కరెంట్ ఇంజనీర్" అన్నడు. నేను ఇంజనీర్ కాదు. మెకానిక్ నుంచి సూపర్‌వైజర్ అయినోణ్ణి. డాక్టర్ చాలా సంతోషం అన్నడు. నేను గూడ సంతోషం అన్న.

కరెంటు ఆ రోజు మధ్యాహ్నం వచ్చింది. ఇన్వర్టర్‌కు కొత్త బ్యాటరీ పెట్టిచ్చినం. పెట్టనీకి వచ్చినోడు పాతదాని మూత తీసి, దీంట్ల నీళ్లే లేవని అందరి ముందట అన్నడు. ఇప్పుడు దాంట్ల నీళ్లు అత్తమ్మ చూస్తది. నన్ను అడగదు.