వాగు అవతలి పల్లె

యుద్ధకాలంలో మార్కాపురం నుంచి యర్రగొండపాలేనికి, పెట్రోలు దొరక్క బొగ్గు రాజేసి నడిపే బస్సు రోజుకు ఒక్కసారే పోయేది. దారిలో అది ఎక్కడెక్కడ ఆగాలో, ఆ చోటికి జనం నడిచి రాగలరో లేదో, సైకిల్ నడిచే దారి ఉందో లేదో చూసి రాసే పని నాది. రోడ్ల ఆఫీసులో గుమాస్తాను. నాకిచ్చిన కాగితంలో ఒక గడి ఉండేది: ఊరికి ఎంత దూరం?

ఒక ఊరి దగ్గర ముళ్లు దిగి రెండు చక్రాలకూ గాలి పోయింది. సైకిల్ భుజాన వేసుకుని చావడి చేరేసరికి కరణం పగలబడి నవ్వాడు.

"ఏంది అల్లుడా, సైకిలెక్కి వస్తావనుకుంటే సైకిలే నిన్నెక్కి వచ్చిందే!"

మజ్జిగ ఇప్పించాడు. తాగుతుండగా వాగు అవతలి మాలపల్లె నుంచి ఒకామె వచ్చి దూరంగా నిలబడింది.

"అయ్యా, పలకల గనిలో దుమ్ము మింగి మా ఆయన ఎముకల గూడైనాడు. వారం వారం ఆసుపత్రికి పోవాల. బస్సు వాగు కాడ నిలబడేటట్ల రాయండి. ఒక్కసారి వచ్చి దోవ చూసిపోండి."

"చూస్తాలే" అన్నాను.

చూడలేదు. ఎండగా ఉంది, అరుగు చల్లగా ఉంది. బస్సు చావడి దగ్గర ఆగాలని, ఊరికి దూరమే లేదని, సైకిల్ దారి బాగుందని అక్కడే కూర్చుని రాసేశాను. మా వాడుకలో పల్లె ఊరు కిందికి రాదు. కాబట్టి రాసింది అబద్ధం కాదని సరిపెట్టుకున్నాను. పల్లెవాళ్లను రోగిని మోసే మంచంతో ఊరి వీధిలోకి రానివ్వరని, చేల వెంట చుట్టు తిరిగి రావాలని తెలిసే రాశాను.

కొన్ని నెలలకు అదే బస్సులో పోతున్నాను. చావడి దగ్గర ఆగింది. చేల గట్టు మీద నలుగురు మంచం మోసుకొస్తున్నారు. ఆమె ముందు పరిగెత్తుతూ చెయ్యి ఊపుతోంది.

"పోనీరా! బొగ్గు చల్లారితే మళ్లీ రాజేసేదానికి మీ మామ వస్తాడా?" అని కండక్టరు డ్రైవరు మీద అరిచాడు.

ఆఫీసువాణ్ణి, నేనొక్క మాటంటే ఆపేవాళ్లు. ఆపితే ఆమె బస్సెక్కి, వాగు కాడ ఎందుకు రాయలేదని అందరి ముందూ అడుగుతుంది. తల తిప్పుకున్నాను. బస్సు కదిలింది.

ఆ వారం దాటకుండానే అతను పోయినాడని కరణమే చెప్పాడు. అప్పుడు వెళ్లాను పల్లెకు. బస్సు దారి నుంచి వాగు దాటితే చాలు. గట్టి నేల, ఒక్క ముల్లు లేదు. సైకిల్ దిగకుండా ఆమె గుడిసె ముందుకే పోయాను.

ఆమె నన్ను గుర్తుపట్టింది.

"మీరు రాసే ఉంటారయ్యా. పైవాళ్లే వినిపించుకోలేదేమో."

నేను అవునన్నాను.