తెల్ల కోటు లేని ఫైనల్

మా కౌంటీ జట్టు పశ్చిమ ప్రాంతపు ఫుట్‌బాల్ కప్పు గెలిచిన సాయంత్రం, పబ్బులో అందరి ముందూ ఫింటన్ మామయ్య చెయ్యి పట్టుకుని ఊపేస్తూ అభినందనలు చెప్పాను. తప్పు నాదే. ఊరు మొత్తంలో ఆ మాట చెప్పకూడని మనిషి ఆయనొక్కడే. "సంతోషం రా," అన్నాడు, పంటినొప్పి వచ్చినవాడిలా.

ఫింటన్ బ్రెహనీ బురదనేలలో పీటు అనే మండే మట్టిని గడ్డలుగా కోసి, ఎండబెట్టి, ఇంటింటికీ పొయ్యిలోకి వేసే మనిషి. ఆదివారాలు మాత్రం గోల్ దగ్గర అంపైరు. గేలిక్ ఫుట్‌బాల్‌లో రిఫరీ తన అంపైర్లని తన క్లబ్బు నుంచే వెంటబెట్టుకెళ్తాడు. మా ఊరి రిఫరీ మలాకీ టూహీ. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ అతని కారులో ముందు సీటు ఫింటన్‌దే. తెల్ల కోటు తొడుక్కుని పోస్టు పక్కన నిలబడాలి. బంతి రెండు పోస్టుల మధ్య అడ్డకర్ర పైనుంచి పోతే పాయింటు, తెల్లజెండా. కిందుగా వలలో పడితే గోలు, పచ్చజెండా. ఎవరు కొట్టినా మొహం మారకూడదు. వెనక జనం ఏడు తరాల్ని తిడుతున్నా తల తిప్పకూడదు. మామయ్య తిప్పేవాడు కాదు. నేనొకసారి వెనకనుంచి ఆయన కాలర్లో ఐసుముక్క వేసి కూడా చూశాను.

ఆ ఏడు దేశం మొత్తానికీ జరిగే ఫైనల్‌కి మలాకీనే పిలుస్తారని డబ్లిన్‌లో గుసగుస. అంటే ఫైనల్ జరిగే క్రోక్ పార్కు స్టేడియంలో పోస్టు పక్కన ఫింటన్. డింఫ్నా అత్త అప్పుడే కోటుకి గంజిపెట్టి తలుపు వెనక తగిలించింది. చిక్కల్లా ఒక్కటే: ఆడే కౌంటీవాడు రిఫరీగా ఉండకూడదు. మా కౌంటీ ఫైనల్ చేరితే మలాకీ ఉండడు, ఫింటనూ ఉండడు. కానీ మేం చేరడమేమిటి? ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే అనే పోటీలో, తాతల కాలం నుంచీ గడ్డికోతల వేళకల్లా ఇంట్లో ఉండేవాళ్లం.

ఆ ఏడు మాత్రం మావాళ్లు ఓడటం మర్చిపోయారు. పశ్చిమ కప్పు కొట్టి సెమీఫైనల్‌కి చేరారు.

సెమీఫైనల్ రోజు మలాకీ, ఫింటన్ ఇద్దరూ రేడియోకి చెరోపక్కా కూర్చున్నారు.

"రెండో సగంలో మనోళ్లు నీరుగారిపోతార్లేరా," అన్నాడు మలాకీ.

"అట్టా అనమాక," అన్నాడు ఫింటన్.

"మరి గెలవమంటావా?"

"అదీ అన్లేదు."

"ఏదో ఒకటి తేల్చుకు చావండి. ఏం మొక్కాలో నాకూ తెలియాలిగా," అంది అత్త.

ఒక్క పాయింటుతో గెలిచారు. ఫింటన్ లేచి, తలుపు వెనక కోటు తీసి, మడతలు నలగకుండా అల్మారాలో పెట్టి, తలుపేశాడు. ఆ తర్వాత అరిచిన అరుపుకి కుక్క బల్ల కిందికి దూరింది.

ఫైనల్ నాడు మామయ్యా నేనూ స్టేడియం మెట్ల మీద జనంలో ఇరుక్కున్నాం. అవతలివాళ్లు దక్షిణాదివాళ్లు. ఇంట్లో గిన్నెలకన్నా కప్పులే ఎక్కువున్నవాళ్లు. చివరి నిమిషాల్లో స్కోరు సమం. మావాడొకడు పక్కగీత దగ్గర్నుంచి బంతిని ఆకాశంలోకి తన్నాడు.

అది గోల్ చేరకముందే స్టేడియం అరుపుతో బద్దలైంది. ఫింటన్ అరవలేదు. బంతి వైపైనా చూడలేదు. ఆయన కళ్లు పోస్టు దగ్గరున్న తెల్లకోటు మీదే ఉన్నాయి. ఆ కోటులో ఉన్నది ఏ కౌంటీవాడో, మాకు ముక్కూమొహం తెలియనివాడు. గాలి బంతిని పోస్టు మీదికి వంచింది. ఆ మనిషి తలెత్తి చూశాడు, అవతలి పోస్టు దగ్గర అంపైరుతో కళ్లు కలిపాడు, జెండా కోసం వంగాడు. తెల్లజెండా పైకి లేచింది.

దానితోపాటే మామయ్య కుడిచెయ్యి కూడా లేచింది, ఉత్తిచెయ్యి, నిటారుగా. మా చుట్టూ కొండ కదిలినట్టు జనం కదిలింది. ముందు వరసలో ఓ ముసలామె మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. మామయ్య చెయ్యి ఆట ముగిసేదాకా దిగలేదు. దించమని నేనూ అనలేదు.

తిరుగుదారిలో మా కౌంటీ పొలిమేర దాటగానే ప్రతి గుట్ట మీదా కప్పు గెలిచినందుకు వేసిన మంటలు. కారు నడుపుతున్న నా కళ్లు అటే అతుక్కుపోతుంటే నా పాత వేళాకోళపు బుద్ధి మళ్లీ లేచింది.

"మామయ్యా, ఆ జెండా నీ చేతిలో ఉండుంటే ఎంత బావుండేది."

"నేనెత్తుంటే దాన్ని దొంగజెండా అనేవాళ్లు. మొట్టమొదట నువ్వే అనేవాడివి. రోడ్డు చూసి నడుపు."