పరీక్ష మధ్యలో ప్రార్థన

“చెయ్యి తియ్యి అవ్వా! ఫోను చూస్తా ఉండాది!”

“చూస్తే చూడనీ. పైన దేవుడూ చూస్తానే ఉండాడు. ప్రార్థనలో నోరు తెరుస్తావా, సిగ్గులేదా?”

“పరీక్ష పోతాదవ్వా!”

“పోకూడదనే కదా చేస్తా ఉండేది! తల వంచు.”

నా మనవరాలు సలోమి నోట్లో నా చేత్తో నేనే మన్ను కొట్టిన కథ ఇది. నవ్వుకోండి, కొత్తగా పోయేదేమీ లేదు.

సలోమి ఆత్మకూరులో కరెంటు పని కోర్సులో చేరింది. చేరడమే అక్కడ, చదువంతా ఉదయగిరిలో మా మిద్దె మెట్ల మీద. ఇంట్లో కొండ అడ్డమొచ్చి సిగ్నలు అందదు. మోటారు విప్పడం, వైరు కలపడం అన్నీ ఫోనులోనే. విప్పేది బొమ్మలో సారు, చూసేది ఇది. గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పినట్టు. కోర్సు అయిపోవచ్చినా దాని చేతికి ఒక్క స్క్రూడ్రైవరు తగల్లేదు.

చివరి పరీక్షా ఫోనులోనే. పాసైతే నెల్లూరులో మోటార్లు బాగుచేసే షెడ్డులో పని ఇస్తామన్నారు. పరీక్ష రాసేటప్పుడు ఫోను దాని ముఖాన్నే కనిపెట్టుకుని ఉంటుందట. పక్కన ఇంకో ముఖం కనబడకూడదు, మాట వినబడకూడదు. సలోమి ముందే చెప్పింది. అదంతా కాపీ కొట్టేవాళ్ళకు అనుకున్నాను. ప్రార్థన కూడా కాపీ కిందికే వస్తుందని ఎవరనుకుంటారు, మీరే చెప్పండి?

మా ఇంట్లో పరీక్షకైనా ప్రయాణానికైనా పెద్దవాళ్ళు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాకే కదలడం. నేను పొయ్యి దగ్గర ఆలస్యమయ్యాను, అది పరీక్ష మొదలుపెట్టేసింది. పరుగున పోయి చెయ్యి పెట్టాను. అన్నింట్లో పొదుపు మనిషినే గానీ ప్రార్థనకు ఖర్చు లేదు గనుక సాగదీశాను. పరీక్ష పెట్టిన సార్లను, సిగ్నలు టవరును, చివరికి మా గేదెను కూడా దీవించమన్నాను. సలోమి మొదట నా చీర లాగింది. ఆ తర్వాతే పైన మీరు విన్న జగడం. ఫోను కీచుకీచుమంటుంటే అది కూడా ఆమెన్ అంటోందనుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి తెర నిండా ఎర్రక్షరాలు.

“ఏందే అది?”

“నాకెవరో జవాబులు చెప్తా ఉండారంట. పరీక్ష రద్దు.”

“ఎవరే ఆ చెప్పింది?”

“నువ్వే అవ్వా.”

“నేనా! రెండో తరగతి దాన్ని, కరెంటు పరీక్షకు జవాబులా!”

సలోమి నవ్వలేదు. ఆ సాయంత్రం అన్నమూ ముట్టలేదు. అందుచేత మీ అందరి ఎదుట నా తీర్మానం: ఇకమీదట ఫోను తెరిచి ఉన్న చోట దేవుడితో సైతం పెదవి విప్పను. అవసరమైతే ఆయన్నే పక్కకు పిలిచి మాట్లాడతాను.

మరునాడు పొద్దున్నే ఇద్దరం ఆత్మకూరులో కోర్సు ఆఫీసుకు పోయాం.

“మిషను తీసేసిందమ్మా, మా చేతుల్లో ఏముండాది? ఫిర్యాదు కూడా ఫోనులోనే పెట్టుకోవాల,” అన్నాడు సారు.

“మీ కళ్ళ ముందరే ఒక మోటారు ఇచ్చి చూడండి సార్. చెయ్యలేకపోతే అప్పుడు తీసేయండి,” అంది సలోమి.

“ఇక్కడ మోటారు లేదమ్మా.”

బస్టాండు పక్కన బట్టల కొట్టు ముందు, అమ్మేదానికి మనిషి కావాలని బోర్డు పెట్టారు. సలోమి లోపలికి పోయి ఆ రోజు నుంచే పనికి మాట్లాడుకుంది. నేనొక్కదాన్నే ఉదయగిరి బస్సెక్కాను.